గేదె మీద నేను పెట్టిన అర్జీ

నా కాళ్ళతో నేనే ఆఫీసుకు నడిచి వెళ్ళి, నా చేత్తో నేనే కాగితం రాసి, నా మీద నేనే ఫిర్యాదు ఇచ్చుకుని వచ్చిన కథ ఇది. నవ్వదలచుకున్నవారు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పటికి నాకు డెబ్బయ్యే. దుడుకు వయసు.

కంప్లిలో మా కాంపౌండు గోడకు సున్నం కొట్టించి అప్పటికి సరిగ్గా తొమ్మిది రోజులు. అది మామూలు తెలుపు కాదు. పక్కన ఆరేసిన కొత్త ధోవతి మాసిపోయినట్టు కనిపించే తెలుపు. సిరుగుప్పలో మా తోడికోడలి గృహప్రవేశానికి వెళ్ళి, రెండు రోజులుండి, మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఆ గోడ మీద గేదె ఉంది.

గేదె అంటే ఏ బొగ్గుముక్కతోనో గీసిన చిన్న బొమ్మ అనుకునేరు! గేటు దగ్గర్నుంచి కరెంటు స్తంభం దాకా, గోడంత గేదె. నీలం, నలుపు, ఊదా రంగులు. కాలువలో పొట్టదాకా మునిగి, కళ్ళు సగం మూసుకుని, నోట్లో వరిగడ్డి పెట్టుకుని ఉంది. దాని ముఖంలో ఉన్న తృప్తి నా పెళ్ళి ఫొటోలో నాకు కూడా లేదు.

"ఏవండీ, చూశారా ఈ ఘోరం!" అని అరిచాను.

మా ఆయన సంచీ కింద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, తీరిగ్గా చూశారు.

"ముర్రా జాతి" అన్నారు.

"జాతి ఎవరడిగారండీ?"

"కొమ్ము వంపు చూడు, ముర్రాయే. పూటకు ఏడు లీటర్లకు తక్కువ ఇవ్వదు."

ఈ మనిషితో నలభై తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. పాఠకులు నా ఓర్పును గమనించాలి.

ఇంతలో ఎదురింటి గంగ వచ్చింది. చిత్రకళ కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. చేతులకు నీలం, చెంపకు నలుపు, చెవికి ఊదా. దొంగను వెతికే పని కూడా లేకుండా చేసింది.

"అవ్వా, ఎప్పుడొస్తిరి? ఎనుము బాగుండాదా?"

"నా గోడ మీద ఎందుకు గీశావే?"

"ఖాళీగా ఉండె కదవ్వా."

"ఖాళీగా ఉంటే గీసేస్తావా? నీ నుదురు కూడా ఖాళీగానే ఉంది. వచ్చి కొంగను గీయనా?"

"గీయవ్వా, బాగుంటాది" అంది. వేళాకోళం కాదు, నిజంగానే నుదురు చూపించింది! ఇలాంటి వాళ్ళతో ఎలా పోట్లాడతారు చెప్పండి?

"దీన్ని గ్రాఫిటీ అంటారవ్వా. కళ ఇది."

"దీన్ని గోడ పాడుచేయడం అంటారు. కళకు కాగితం ఉంది. పో, మీ గోడ మీద గీసుకో."

"మాకు గోడ యాడుండాది? మాది ముళ్ళకంచె. కంచె మీద ఏం గీసేకైతాది?" గంగ గొంతు తగ్గించింది. "సోమవారం మా మేష్ట్రు చూసేకి వస్తాండాడవ్వా. ఈ బొమ్మకే మార్కులు. ఇది లేకుంటే నాకు ఈ ఏడు పోయినట్టే. సోమవారం దాకా ఉండనీ. మంగళవారం నేనే సున్నం కొడతా."

మనసున్న మనిషైతే సరేననేది. నేను నియమాలున్న మనిషిని.

"గీయకముందు అడిగి ఉంటే ఆలోచించేదాన్ని. గీసేసి అడుగుతావా? నువ్వు గీసింది గేదె కానీ, దేవుడే కానీ, అడగకుండా గీస్తే తప్పు తప్పే!"

ఆ మాట ఇప్పటికీ మార్చుకోను. నా ఖర్మంతా అక్కడితో ఆగకపోవడం. మర్నాడు పొద్దున్నే పురసభ ఆఫీసుకు వెళ్ళాను. మునిసిపాలిటీని ఈ కన్నడ సీమలో అలాగే అంటారు. వెళ్ళి అర్జీ రాశాను. రాసి, చదివి, చాలినంత ఘాటుగా లేదని చింపి, మళ్ళీ రాశాను. అందులో నాకు బాగా నచ్చిన వాక్యం ఇది: "తమది కాని స్థలంలో, అనుమతి లేకుండా రంగు వేసినవారు, వారు ఎవరైనా సరే, వేసింది ఏదైనా సరే, మినహాయింపు లేకుండా, వారి చేత్తో వారే చెరిపేలా ఉత్తర్వు ఇవ్వాలి."

ఆఫీసరు చిన్నవాడు. చదివి, నా ముఖంలోకి చూశాడు.

"మినహాయింపు లేకుండానా అమ్మా?"

"లేకుండానే!"

"ఆలోచించి చెప్పండమ్మా."

"నేను ఆలోచించే రాస్తానప్పా. సోమవారం లోపల రావాలి మీరు."

శనివారం పొద్దున వచ్చాడు. స్కూటరు ఆపి, మా గేటు ముందు నిలబడి, గేదె వైపు తలెత్తాడు. ఎదురుగా గంగ చేతులు కట్టుకుని నిలబడింది. ముఖం చిన్నబోయి ఉంది. అది చూసి ఒక క్షణం జాలిపడబోయాను. సరిగ్గా అప్పుడే ఆఫీసరు బూట్లు నా కంటబడ్డాయి.

"జరగండి! జరగండి! ముగ్గు తొక్కుతున్నారు!"

ఆయన ఉలిక్కిపడి ఒక కాలెత్తాడు. రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు, ఎందుకంటే నా ముగ్గు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది.

"ఇది ఎవురు వేసిండేదమ్మా?"

అడిగాడు కదా, నా నోరు ఊరుకుంటుందా? "నేనే! మెలికల ముగ్గు. ఇరవై ఒక్క చుక్కతో మొదలుపెట్టి, రెండు వైపులా పదకొండు వచ్చేదాకా సందు చుక్క. మొత్తం మూడు వందల ముప్పై ఒకటి. గోదావరి వైపు నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు మా అమ్మ చేతి నుంచి నా చేతికి వచ్చిన ముగ్గు. ఒక్క చుక్క తప్పదు!"

"పిండితోనా?"

"పిండా? ఎనామిల్ పెయింటు! వానకు పోదు, లారీకి పోదు. సిమెంటు రోడ్డు పడిన వారానికే వేశాను."

"రోడ్డు ఎవురిదమ్మా?"

"మా గుమ్మం ముందుది."

"ఎవురిదమ్మా?"

జవాబు నాకు తెలుసు. పురసభది. వీధిలో జనం పోగయ్యారు. ఆఫీసరు నా అర్జీ తీసి, నాకు బాగా నచ్చిన ఆ వాక్యాన్నే పైకి చదివాడు. ఆయన గొంతులో అది నాకు ఏమాత్రం నచ్చలేదు.

"ముగ్గుకూ దానికీ పోలికేమిటప్పా!" అని మండిపడ్డాను. "ముగ్గు మంగళకరం. గుమ్మం ముందు ముగ్గేయడానికి ఏ ఆడదైనా ఏనాడైనా ఎవరినైనా అడిగిందా?"

"నేనూ అడగలేదు కదవ్వా" అంది గంగ, మెల్లిగా.

"నువ్వు నోరు ముయ్యి!"

"ముగ్గుకు టర్పెంటాయిలు కావల్నా అవ్వా? నా కాడ ఉండాది."

జనం ఘొల్లుమన్నారు. అందరికంటే పెద్దగా నవ్వింది ఎవరో చెప్పను. ముర్రా జాతి గురించి ఆయనకు బాగా తెలుసు.

"చూడండమ్మా," అన్నాడు ఆఫీసరు, "రెండూ చెరపల్ల, లేదా రెండూ ఉంచల్ల. గోడ మీది దానికి మీరు ఒప్పుకుంటామని రాయండి. రోడ్డు మీది దాన్ని మేము ఊరి అందం కింద రాసుకుంటాం. ఆయ్తా, సరేనా?"

మూడు వందల ముప్పై ఒక్క చుక్కల వైపు చూశాను. మా అమ్మ వంగి వేస్తున్నట్టే అనిపించింది. పళ్ళు బిగించి, "నా గోడ మీద గేదె ఉండుటకు నాకు అభ్యంతరం లేదు" అని రాసిచ్చాను. చదువుకున్న ఆడదాని చేత రాయించే వాక్యమేనా ఇది?

సోమవారం మేష్ట్రు వచ్చాడు. నేను బయటికి వెళ్ళకూడదనే అనుకున్నాను. గేటు తుప్పు పట్టిందేమో చూద్దామని వెళ్ళానంతే. ఆయన గేదెను దాటి నేరుగా నా ముగ్గు దగ్గర నిలబడ్డాడు.

"ఏం ఊహ గంగా! గోడ మీది కాలువ రోడ్డు మీదికి పారినట్టుండాది! ఈ సుడులు, ఈ మెలికలు! ఈ నీళ్ళకే సగం మార్కులు ఇయ్యొచ్చు."

నీళ్ళా? మా అమ్మ ముగ్గు నీళ్ళా? నేను నోరు తెరిచేలోపే గంగ అంది:

"అది నేను వేయలేదు సార్. అవ్వ వేసింది."

సగం మార్కులు చేతికి వస్తుంటే వద్దంది! మేష్ట్రు ముఖం ముడుచుకుంది.

"అట్లైతే ఎనుము ఒకటే చూడల్ల." చూశాడు. పెదవి విరిచాడు. "కొంచెం లావైందే. అంత గోడకు ఒకటే ఎనుమా? పాసు కావడం కష్టం."

నాకేమైందో నాకు తెలియదు. కోపం ఎటువైపు తిరిగిందో చూసుకునే తీరిక లేదు.

"లావా? ముర్రా జాతి అయ్యా అది! పూటకు ఏడు లీటర్లు! సన్నగా ఉంటే పాలు ఎక్కడినుంచి వస్తాయి? ఆ కొమ్ము వంపు చూడండి. ఆ కళ్ళు చూడండి. అన్నం తిన్నాక మా ఆయన కళ్ళు అచ్చం అలాగే ఉంటాయి. రంగు పూస్తే అంత హాయి వస్తుందా? చేతిలో విద్య ఉండాలి!"

మేష్ట్రు రెండడుగులు వెనక్కి వేశాడు. ముగ్గు తొక్కాడు. దానికి కూడా నేను ఏమీ అనలేదంటే నా ఆవేశం ఎంతో ఊహించుకోండి.

"అమ్మా, దీన్ని చెరపమని అర్జీ పెట్టింది మీరే అంట కదా?"

"పెట్టాను. నా గేదె మీద నేను పెట్టుకుంటాను. మీకెందుకు?"

ఆయన గేదెను మరోసారి చూశాడు, ఈసారి చాలాసేపు. వేలితో కంటి గీత వెంబడి గాల్లో గీసుకున్నాడు. "కళ్ళు మటుకు నిజమే" అని గొణిగి, మార్కులు వేసుకుని, స్కూటరెక్కాడు. గంగ పాసైంది. మంగళవారం సున్నం బకెట్టుతో వస్తే నేనే కసిరి పంపించాను. గేదె ఇంకా అక్కడే ఉంది. దాని ముఖంలో ఆ తృప్తీ ఉంది. ఎవరి గోడో తెలియనట్టు.

అందుచేత, కంప్లి పౌరుల సమక్షంలో, స్నానం చేసి, తూర్పుకు తిరిగి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ అర్జీలోనూ "మినహాయింపు లేకుండా" అని రాయను. ముందు మా వాకిట్లో ఏముందో చూసుకుని, దాన్ని మినహాయించి రాస్తాను.