కుడివైపు ఫోటో

చాలా ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మీకే చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి, నాకు అక్కర్లేదు.

అమెరికాలో, పిస్కాటవేలో ఎమ్మెస్ చదివేటప్పుడు పద్మ ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. భర్త పోయాక ఆవిడ ఒంటరి. ఆయన పాత సామాన్ల షాపులో కొన్న విక్టోరియా కాలం నాటి అట్ట ఒకటుండేది. దాని మీద పక్కపక్కనే రెండు ఫోటోలు. రెండింట్లోనూ అదే సముద్రం, అవే కొండరాళ్లు. కంటికో అద్దం ఉండే చెక్క స్టీరియోస్కోప్‌లో పెట్టి చూస్తే రెండూ ఒకటై, రాళ్లు ముందుకొచ్చి, సముద్రం వెనక్కి జరిగి, చెయ్యి చాస్తే తడి తగిలేలా ఉండేది. రోజూ కాఫీ తాగాక ఆవిడ అదే చూసేవారు.

ఆవిడ గుడికెళ్లినప్పుడు నేనూ చూడబోయి, కుడివైపు ఫోటో మీద కాఫీ ఒలకబోశాను. ఏం చేశాను? ప్రోగ్రాములు రాసేవాళ్లం రోజూ చేసే పనే. ఎడమ ఫోటోను కాపీ చేసి కుడివైపు అంటించాను. పాత ఫోటోల మట్టిరంగు కూడా భలే కుదిరింది. గర్వపడ్డాను కూడా! రెండూ ఒకటే అనుకున్నాను మరి. కావు. ఒక్కో కంటికి ఒక్కో చోటు నుంచి తీసినవి. ఆ కాస్త తేడాలోనే లోతంతా ఉందని తర్వాతెప్పుడో చదివాను.

మర్నాడు ఆంటీ చాలాసేపు చూశారు.

"ఏంటోనమ్మా, అంతా ఫ్లాట్‌గా ఉంది. నువ్వు చూడు."

చూశాను. గోడ మీద క్యాలెండర్‌లా ఉంది.

"నాకు బాగానే కనిపిస్తోంది ఆంటీ."

"అయితే నా కళ్లే పోతున్నాయి. ఇంక డ్రైవ్ చేయనమ్మా. ఎవర్నైనా గుద్దేస్తే?"

కళ్ల డాక్టర్ ఏ లోపమూ లేదన్నాడు. ఆవిడ ఆయన్ని నమ్మలేదు, నన్ను నమ్మారు. కారు అమ్మేశారు. ఆ తర్వాత గుడికీ, ఇండియన్ స్టోర్‌కీ నేనే తిప్పాను. కూతురి కన్నా ఎక్కువని అందరూ మెచ్చుకున్నారు. కాదనలేదు. పక్క సీట్లో కూర్చుని హైవే మీద ఎగ్జిట్ బోర్డులు నాకన్నా ముందే చదివేవారావిడ. అప్పుడైనా నోరు విప్పానా?

భయమా? ఇల్లు ఖాళీ చేయమంటారనా? కాదు. నన్ను అజాగ్రత్త మనిషినని అనుకుంటారని, అంతే. చిన్నతనం అనకండి, తెలిసే చేశాను. ఆవిడ ఇప్పుడు లేరు. క్షమించే హక్కు ఆవిడది, మీది కాదు, దేవుడిది కూడా కాదు. అందుకే ఎవర్నీ అడగను.

మీ కళ్లకేమీ కాలేదు ఆంటీ. నాకూ ఫ్లాట్‌గానే కనిపించింది.

హమ్మయ్య, అనేశాను.