చెంచాడు తులసినీళ్లు

బల్ల ఆపడమంటే మా చర్చి సంఘంలో చిన్న శిక్ష కాదు. బల్లంటే ప్రభువు భోజనం. ఆ రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్లెం మన ముందు నుంచే దాటిపోతుంది, చెయ్యి చాచకూడదు. గోదావరిఖనిలో పుట్టి, ఇక్కడి పిల్లలకే పాఠాలు చెబుతూ తల నెరిసిన నాకు ఆ శిక్ష పడింది. నేరమేమిటంటే, పక్క క్వార్టరు అవ్వ నోట్లో తులసి తీర్థం పోశాను.

ఇక లాభం లేదని దవాఖాన నుంచి అవ్వను ఇంటికి పంపేశారు. కొడుకు గని లోపల, మొదటి షిఫ్టులో ఉన్నాడు. కబురు పంపాం గానీ, పైకి రావడానికి టైం పడుతుంది. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, జల్ది తీర్థం పొయ్యి. నారాయణ అను. నాకు నోరు తిరుగుతలేదు."

ఒక్క క్షణం నేను తటపటాయించిన మాట నిజం. అంతలోనే మా ఆయన మీద గనిలో బండ పడిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు దవాఖాన మెట్ల మీద అవ్వ నా పక్కన కూలబడి, "మీ దేవున్ని ఎట్ల పిలుస్తరే?" అని అడిగింది. చెప్పగానే నాకంటే గట్టిగా "యేసయ్యా, యేసయ్యా" అని ఏడ్చింది. మా ఆయన కుంటుతూనైనా ఇంటికొచ్చాడు. యేసయ్య పేరెత్తావేమని అవ్వను ఆమె దేవుడు అడగలేదు.

తీర్థం పోశాను. నారాయణ అన్నాను, గట్టిగానే అన్నాను. అవ్వ గుటక వేసి కన్నుమూసింది.

పాస్టరయ్య పిలిపించారు. చెడ్డ మనిషి కాదు, వేరే దేవుణ్ణి కొలవకూడదన్న ఆజ్ఞ అంటే భయం.

"సంఘం ముందట తప్పైందని ఒక్క మాట చెప్పమ్మా. బల్ల ఇస్తం."

"అయ్యగారూ, ఆడ మీరుంటే ఏం చేసెటోళ్లు?"

"ప్రార్థన చేసెటోన్ని."

"అవ్వ ప్రార్థన అడగలే. నీళ్లడిగింది. ప్రేమించుమన్న ప్రభువు ముందట నేను తప్పని ఎట్ల చెప్పాలె? చెప్ప."

మొన్న బల్ల ఆదివారం వెనక్కి వెళ్లి కూర్చోమన్నారు. వెళ్లలేదు. ముందు వరుసలోనే కూర్చున్నాను. పళ్లెం నన్ను దాటింది. చిన్ననాటి నుంచి తీసుకున్న బల్ల, ఏడుపు ఆగలేదు. తల మాత్రం దించలేదు.

పళ్లెం మగవాళ్ల వైపు వెళ్లింది. మా ఆయన కట్టె పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నాకు కూడా ఆపుండ్రి అయ్యగారూ. గా అవ్వ యేసయ్యను పిలిస్తె బతికినోన్ని."