బురదలో చాపిన చెయ్యి

ఈ రోజు ఎమ్మిగనూరు బస్టాండులో నా మీద నాకే కోపం వచ్చింది.

మా ఆయన స్నేహితుడు మస్తాన్ మమ్మల్ని ఆదోని బస్సెక్కించడానికి వచ్చాడు. వాళ్లిద్దరూ చిన్నప్పటి నుంచీ చేతులు పట్టుకునే నడుస్తారు. మగవాళ్లు అలా నడిస్తే ఈ ఊళ్లలో ఎవరూ తిరిగి కూడా చూడరు. నేను ఎప్పటిలాగే వాళ్ల వెనకాల.

వానకు బస్టాండంతా బురద. నా చెప్పు కూరుకుపోయింది. మస్తాన్ వెనక్కి చూసి, మా ఆయన చెయ్యి వదిలేసి, "వదినకు సెయ్యియ్యప్పా, జారతాంది" అన్నాడు.

ఆయన నిజంగానే చెయ్యి చాపాడు. పెళ్లిలో పురోహితుడు చెబితే పట్టుకున్న చెయ్యి, నలుగురిలో మళ్లీ ఇప్పుడే.

నేనేమన్నానో తెలుసా? "అయ్యో, అందరూ సూస్తాండారు. నేనొస్తాలే, మీరు పోండి."

ఆయన ఆ చెయ్యి తీసుకెళ్లి మళ్లీ మస్తాన్ చేతిలో పెట్టాడు. నేను పక్కన ఆగి ఉన్న ఎర్రబస్సును పట్టుకుని బురద దాటాను.

పెళ్లిలోనూ అందరూ చూస్తూనే ఉన్నారు కదా! ఆ సంగతి బస్సు కదిలాక తట్టింది. మీరైతే పట్టుకునేవాళ్లా? నిజం చెప్పండి.

ఆదోనిలో దిగితే అక్కడా బురదే. మస్తాన్ లేడు, మా ఆయన చెయ్యి ఖాళీగానే ఉంది. ఈసారి కావాలనే ఆగాను.

ఆయన వెనక్కి చూడలేదు.