వినే పిల్లల బెంచీ

రషీదున్నీసా బడిలో చెప్పేది ఇంగ్లీషు, పిచ్చి మాత్రం శాతాల మీద. నేను మస్కట్ అవతల ఖబూరా ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో ఒకే ఇంట్లో మాకు చెరో గది దొరికింది. మొదటి రోజే నన్ను అడిగింది, మీ దగ్గరికి వందమంది వస్తే ఎంతమంది నయమై వెళ్తారని. ఆ లెక్క మా డాక్టరుగారికే తెలియదన్నాను. అలాగైతే మీరు వైద్యమే చేస్తున్నారని మీకెలా తెలుస్తుంది అంది. నాకు ఒళ్ళు మండింది. నరసాపురం దగ్గర మిషన్ ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేసి వచ్చినదాన్ని, ఈవిడెవరు నన్ను నిలదీయడానికి అనుకున్నాను. నెల తిరక్కుండానే ఆవిడ వండిన చేపల పులుసు లేకపోతే నాకు ముద్ద దిగేది కాదు. రషీదక్కా అని పిలవడం కూడా అప్పుడే అలవాటైంది.

ఆమెది చీరాల. భర్త పోయాక మున్సిపల్ స్కూల్లో చాలాకాలం పనిచేసింది. మస్కట్‌లో కంపెనీ ఉద్యోగం చేస్తున్న తమ్ముడు నిసార్ అహ్మద్ ఆమెని ఇక్కడికి రప్పించాడు. చీరాల బడి గురించి ఎప్పుడూ ఒకటే చెప్పేది. అక్కడ పిల్లలకి చదువు వచ్చిందా రాలేదా అని తనని ఒక్క మనిషి కూడా అడగలేదట. ఐదో తరగతి దాటిన పిల్ల రేషన్ షాపులో వేలిముద్ర వేస్తే టీచర్లలో ఎవరికీ సిగ్గనిపించలేదట. అడిగేవాళ్ళుంటే బడి బాగుపడుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. నా కోపమంతా వేరే చోట ఉంది.

ఆమె బడి ఖబూరాకి కాస్త దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలో. పొద్దున మగపిల్లలు చదువుకుని వెళ్ళాక అవే గదుల్లో మధ్యాహ్నం ఆడపిల్లలు కూర్చునేవాళ్ళు. దేశమంతటా అప్పుడప్పుడే బళ్ళు తెరుస్తున్నారు. ఆ పల్లెలో ఆడపిల్లలు నాలుగో తరగతి దాకా రావడం అదే మొదలు. ఒకే బెంచీ మీద తొమ్మిదేళ్ళ పిల్ల పక్కన పద్నాలుగేళ్ళ పిల్ల ఉండేది. ఆ ఏడు పరీక్ష రాసిన వాళ్ళలో చాలామంది తప్పారు.

1976లో సెలవులయ్యాక జిల్లా ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి బడి గోడకి ఒక పట్టిక తగిలించాడు. తీరం పొడుగునా ఉన్న బళ్ళన్నీ అందులో ఉన్నాయి, ఎక్కువ శాతం పాసైనవి పైన, తక్కువైనవి కింద. రషీదక్క బడి అట్టడుగున ఉంది. ఈ ఏడు కూడా అక్కడే ఉంటే నాలుగో తరగతి ఎత్తేసి, పిల్లల్ని ఖబూరా బడికి పంపుతామన్నాడు. ఆ పల్లెలో ఎదిగే ఆడపిల్లని పికప్ ఎక్కించి పక్కూరికి పంపే తండ్రి ఒక్కడూ లేడు. తరగతి ఎత్తేస్తే వాళ్ళ చదువు మూడోదాంతో సరి.

మిగతా టీచర్లు ఆయన్ని తిట్టిపోశారు. రషీదక్క మాత్రం ఆ సాయంత్రం పండగలా వచ్చింది, ఇన్నాళ్ళకి ఒకడు అడిగాడని. ఆయన కూడా చెడ్డవాడు కాదు. ఎండలో దుమ్ములో ఊరూరా తిరిగి, పిల్లలు చదవడం లేదని నిజంగా బాధపడే మనిషి.

నాలుగో తరగతి బాధ్యత ఆమెదే, నడుం బిగించింది. ప్రతి బుధవారం పరీక్ష. మార్కులు కలిపి ఊరుకోలేదు, ఏ పిల్ల ఎక్కడ తప్పుతోందో చూసేది. ఒడ్డుకి చిన్న చేపలు తగిలిన వారాల్లో మార్కులు పడిపోతున్నాయని కనిపెట్టింది. ఆ రోజుల్లో పిల్లలంతా ఇసుకలో చేపలు ఆరబోసే పనిలో ఉండేవాళ్ళు. కొత్త పాఠాలు ఆ వారాల్లో చెప్పడం మానేసి, ఇళ్ళకి వెళ్ళి చేపల వాసన మధ్యే కూర్చుని పాతవి వల్లె వేయించేది. అర్ధ సంవత్సరం పరీక్షలో సగంమంది పాసయ్యారు. పొంగిపోయి నాకు సేమియా చేసిపెట్టింది. వారం తిరిగేసరికి కొత్త పట్టిక వచ్చింది. మిగతా బళ్ళు కూడా పెరిగాయి. ఈ బడి ఇంకా అట్టడుగునే ఉంది.

మంచి బడి పద్ధతి చూసి నేర్చుకొమ్మని ఆఫీసువాళ్ళే ఆమెని పట్టికలో పైనున్న బడికి పంపారు. అక్కడి టీచరు టీ ఇచ్చి, చల్లగా అసలు పద్ధతి చెప్పింది. వయసు మీరినవాళ్ళకీ బాగా వెనకబడినవాళ్ళకీ 'ముస్తమియా' అని ఒక ఏర్పాటు ఉంది. ముస్తమియా అంటే వినే పిల్ల. క్లాసులో కూర్చోవచ్చు, వినవచ్చు. హాజరుపట్టీలో పేరుండదు, పరీక్ష ఉండదు. పరీక్ష లేదు గనక తప్పడమూ లేదు.

రషీదక్క రెండు రోజులు సరిగా తినలేదు. తర్వాత నాలుగో తరగతిలోని ఇరవై నాలుగుమందిలో ఏడుగురి పేర్లు తీసి పెద్ద టీచరుకి ఇచ్చింది. ఆ ఏడుగురిలో అందరికంటే పెద్దది జువైనా, పడవ నడిపే మనిషి కూతురు. మనసు నొచ్చుకోకుండా ఉండాలని ఆ పిల్లలకి ముద్దుగా చెప్పింది, మీరు ఇకనుంచి ముస్తమియాలు, వెనక బెంచీ మీదే అని.

ఆ వారంలోనే జువైనా ఒంటరిగా మా ఆసుపత్రికి వచ్చింది. ఏమైందంటే చెవులు కడగమంది. చూస్తే చెవులు శుభ్రంగా ఉన్నాయి. నొప్పి లేదు, చీము లేదు. ఎందుకే అంటే, తను ఇప్పుడు ముస్తమియా అనీ, బాగా వినపడాలనీ చెప్పింది. వినేవాళ్ళకి పెన్సిల్ అక్కర్లేదని తన పెన్సిలూ నోట్‌బుక్కూ చెల్లెలికి ఇచ్చేసిందట. నేను నవ్వాపుకుని చెవులు కడిగి పంపించాను. అన్నం దగ్గర ఈ ముచ్చట రషీదక్కకి చెప్పి మళ్ళీ నవ్వాను. ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"సారమ్మా, అది నేను చెప్పిన మాటే," అంది. "నేనే చెప్పా దానికి."

మర్నాడు కొత్త పెన్సిల్ కొనిచ్చి, నువ్వూ రాయాలి అని చెప్పింది. పేర్లు మళ్ళీ ఎక్కించమని పెద్ద టీచరుని బతిమాలింది. పట్టీ ఆఫీసుకి వెళ్ళిపోయింది, పరీక్షలయ్యేదాకా ఏం చేయలేమని ఆవిడ చేతులెత్తేసింది. పైగా మార్చిలో ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు వెనక బెంచీ నోరు విప్పకూడదని ఆర్డరు వేసింది. ఆ ఆర్డరు పిల్లలకి అందించింది రషీదక్కే. ఆయన క్లాసులో ఉన్నంతసేపూ జువైనా పెదాలు బిగించి కూర్చుంది. పక్కన చిన్నది గుసగుసలాడబోతే గిల్లి ఆపింది. ఆయన వెళ్ళాక రషీదక్క దాని భుజం తట్టి శభాష్ అంది. ఇదంతా ఆ రాత్రి ఆమే నాకు చెప్పింది, గండం గడిచిందన్న తేలికతో.

పరీక్షలయ్యాయి. పదిహేడుమంది రాస్తే పదహారుమంది పాసయ్యారు. పట్టికలో బడి పైకి ఎగబాకింది. పెద్ద టీచరు అందరికీ హల్వా పంచింది. ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి మెచ్చుకుని, అదే నోటితో ఇంకో సంగతి చెప్పాడు. ఆఫీసులో ఇప్పుడు టీచర్ల లెక్క కూడా చూస్తున్నారట. ఇరవైమంది లేని తరగతిని విడిగా నడపరట. శాతం బాగుంది గానీ పిల్లలు పదిహేడుమందే ఉన్నారు, కనక తరగతి ఖబూరాకి వెళ్తుందన్నాడు.

రషీదక్క అక్కడే నిజం ఒప్పుకుంది. ఇంకా ఏడుగురున్నారనీ, పేర్లు తీసింది తనేననీ చెప్పింది. ఆయనకి కోపం వచ్చింది. అయినా న్యాయమైన మనిషి గనక రేపు వాళ్ళని తెమ్మన్నాడు. తానే పరీక్షిస్తాననీ, ముగ్గురికి చదువు వచ్చినా పేర్లు ఎక్కించి తరగతి ఉంచుతాననీ మాటిచ్చాడు.

అప్పటికి సెలవులు మొదలయ్యాయి. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. శుభ్రమైన బట్టలు వేసి పంపమని తల్లులకి చెప్పింది. ఒక పిల్లకి తలస్నానం తనే చేయించింది. అందరికీ అన్నీ చెప్పి వచ్చింది. జువైనాకి పాఠం చదవడం వచ్చనీ, ఇంకో ఇద్దరికి కూడా వచ్చనీ నాతో వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

మర్నాడు పిల్లల కళ్ళకి మందు వేసే వంకతో నేనూ వెళ్ళాను. మీరుంటే అందిస్తారని ఇన్‌స్పెక్టరు టీచర్లని వరండాలోకి పంపేశాడు. ఇద్దరం తలుపు పక్కనే నిలబడ్డాం. లోపల ఆయన గొంతు మెత్తగానే వినిపించింది. పుస్తకం తెరిచి ఇది చదువమ్మా అన్నాడు. జవాబు లేదు. ఇంకో పిల్లని అడిగాడు. జవాబు లేదు. చివరికి నీ పేరేమిటి అని ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాడు. పేరు కూడా ఎవరూ చెప్పలేదు.

రషీదక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమెకి అప్పుడు తట్టింది. నిన్న ఇల్లిల్లూ తిరిగి అన్నీ చెప్పింది గానీ, మార్చిలో చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన ముందు నోరు విప్పకూడదన్న మాట ఆ పిల్లలకి ఇంకా అలాగే ఉంది. ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది, సంగతి చెప్పబోయింది. ఆయన అప్పటికే కలం మూసేశాడు.

"పేరు కూడా తెలియని పిల్లల్ని ఏ తరగతిలో రాయమంటారు టీచర్?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, విసుగు కూడా లేదు. ఆయనకి నిజంగానే జాలేసింది, ఆమె చెప్పేదంతా సాకే అనుకుని జీపెక్కాడు.

ఆయన జీపు వెళ్ళాక జువైనా వరండాలోకి పరిగెత్తుకొచ్చింది. దాని మొహం వెలిగిపోతోంది.

"టీచర్, ఎవ్వరం మాట్లాడలేదు," అంది. "చిన్నవాళ్ళని కూడా మాట్లాడనివ్వలేదు."

రషీదక్క దాని వంక చూసింది. భుజం తట్టి శభాష్ అంది.

ఆ పల్లెలో నాలుగో తరగతి గదికి మధ్యాహ్నం పూట తాళం పడింది. జువైనాని ఆ తర్వాత రెండు మూడుసార్లు ఒడ్డున చేపలు ఆరబోస్తుంటే చూశాను. రషీదక్కని కొండల అవతల బహ్లాకి మార్చారు. అక్కడి ఆసుపత్రికి వెళ్ళొచ్చిన మా తోటి నర్సు మేరీకుమారి ఆమె గురించి చెప్పింది. ఆమె క్లాసు గోల బడంతా వినిపిస్తుందట. పెద్ద టీచరు ఎన్నిసార్లు మందలించినా పిల్లల్ని నోరు మూసుకోమని చెప్పదట.