గాజు సీసాలో గంజాయి గింజలు

హెర్న్‌డన్‌లో మేం అద్దెకున్న ఇంటి పెరట్లో రెండో ఏడాది గోంగూర నడుమెత్తు పెరిగింది. డెబ్భైల చివర్లో వర్జీనియాలో గోంగూర కొనడానికి దొరికేది కాదు. బందరు నుంచి వస్తూ పసుపు డబ్బాలో తెచ్చుకున్న గింజలు అవి. ఒకరోజు నీళ్లు పెడుతుంటే పక్కింటి ముసలాయన కంచె మీద మోచేతులు ఆనించి ఆకుల్ని తేరిపార చూశాడు.

"అది నేననుకుంటున్న మొక్కేనా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఇది తింటాం. పప్పులో వేస్తాం, పచ్చడి చేస్తాం," అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. ఆకు చూసి గంజాయి అనుకున్నాడట. నవ్వుతూ నవ్వుతూనే కడుపు పట్టుకుని గడ్డిలో కూలబడ్డాడు. వాళ్లావిడ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.

బతుకంతా లారీ నడిపిన మనిషి. అంతకు కొన్ని నెలల ముందే కడుపులో క్యాన్సర్ అని తేలింది. పిల్లల్లేరు, ఆవిడకి ఆయన, ఆయనకి ఆవిడ. ఆస్పత్రిలో మందెక్కించి ఇంటికి పంపితే వారమంతా వాంతులే, మంచినీళ్లు కూడా కడుపులో నిలిచేవి కావు. ఎవరో పాత స్నేహితుడు గంజాయి తెచ్చిచ్చాడు. అది పీల్చిన రోజు అరగిన్నె సూప్ తాగి కుదురుగా పడుకునేవాడు. ఆ స్నేహితుడు ఊరొదిలి వెళ్లిపోయాడు. మిగిలింది పొట్లం అడుగు నుంచి ఏరిపెట్టుకున్న గింజలే.

ఈ సంగతంతా ఆవిడ మా వంటింట్లో కూర్చుని చెప్పింది. "నువ్వు ఏటా నీ గింజలు నువ్వే దాచుకుంటావు కదా. మేం వసంతంలో నాటాలి. అందాకా పాడవకుండా ఎలా ఉంచాలో చెప్తావా?"

సాయంత్రం మా ఆయనతో అంటే ముఖం మాడ్చుకున్నాడు. "నీకేమైనా పిచ్చా? పోలీసులొస్తే ఉద్యోగం పోతుంది, గ్రీన్‌కార్డ్ పోతుంది. ఆ గడప తొక్కకు."

"చచ్చిపోయే మనిషండీ."

"మనం బతకాలిగా."

భయం నాకు మాత్రం లేదూ? తర్వాత ఒక శనివారం మా ఆయన పెరట్లో రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. పక్కింటి వెనక మెట్ల మీద ముసలాయన బకెట్ ముందు పెట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. వచ్చేది ఏమీ లేదు, ఒట్టి చప్పుడే. మా ఆయన చీపురు గోడకానించి లోపలికొచ్చి, నా వైపు చూడకుండా, "వాళ్లింట్లోనే చెప్పి రా. మనింటికి మాత్రం ఏమీ తేకు," అన్నాడు.

వెళ్లాను. గింజలు మిరియాలంత ఉన్నాయి, బూడిదరంగు మీద చారలు. ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఆ సంచిని పొయ్యి పైనున్న అరలో పెట్టారు. చేతిలోకి తీసుకుంటే తడి తగిలింది. న్యూస్‌పేపర్ మీద పలచగా పరిచి, నీడన ఆరబెట్టమన్నాను. మా అమ్మయితే కచ్చిక బూడిద కలిపేది. ఇక్కడ బూడిదెక్కడిది? పెనం మీద వేడిచేసి చల్లార్చిన బియ్యం గుడ్డలో మూటగట్టి గాజు సీసా అడుగున పెట్టించాను. ఆ బియ్యమే చెమ్మ పీల్చుకుంటుంది. గింజలు పోసి, మూత బిగించి, ఫ్రిజ్‌లో వెనక్కి జరిపించాను.

"మాటిమాటికీ తెరవొద్దు. తీసినా సీసా చల్లదనం పోయేదాకా మూత ముట్టుకోవద్దు, లోపల నీరు పడుతుంది," అన్నాను.

ఆయన బుద్ధిగా తలూపాడు.

"ఈ అరలోకి రాకముందు ఎక్కడున్నాయివి?" అని అడిగాను.

"నా కార్‌లో. డాష్‌బోర్డ్ అరలో. వేసవంతా అక్కడే."

వర్జీనియా ఎండలో తలుపులు మూసిన కారు! సీటు మీద చెయ్యి వేస్తే కాలేది. నాకు ఉసూరుమనిపించింది. "ఆ వేడికి కొన్ని చచ్చిపోయి ఉంటాయి," అన్నాను.

"కొన్ని బతికితే చాలు," అన్నాడాయన.

చలికాలమంతా ఆయన కంట్లో ఆ సీసాయే. ఆవిడ ఫ్రిజ్ తలుపు కాసేపు తెరిచి ఉంచితే కేకలేసేవాడు. నేను వెళ్తే కిటికీలోంచి చూపిస్తూ, టమాటా మడి వెనక ఏ మూల నాటాలో చెప్పేవాడు. చొక్కా లోపల ఒళ్లు తరిగిపోతూ వచ్చింది.

చలి విరుగుతుండగా ఆవిడా నేనూ కొన్ని గింజలు తీసి, తడిగుడ్డలో చుట్టి చూశాం. పక్కన నా గోంగూర గింజలు కూడా పెట్టాను. గోంగూర మొలకెత్తింది. గంజాయివి ఉబ్బి, మెత్తబడి, బూజుపట్టాయి. మళ్లీ ఇంకొన్ని పెట్టాం. అవీ అంతే.

"ఆయనతో చెప్పకు," అందావిడ, గుడ్డ పిండుతూ. "దీన్ని పట్టుకునే ఉన్నాడు."

మిగిలినవి ఆయనే కాగితం కప్పుల్లో నాటి, కిటికీ పక్కన కూర్చున్నాడు. రోజూ వేలితో మట్టి నొక్కి చూసేవాడు. ఆవిడ నీళ్లు చిలకరించేది. "చలి ఇంకా పోలేదు," అనేవాడు. "అవును, ఇంకా పోలేదు," అనేది. అప్పటికి మేం కిటికీలు తెరుచుకుని పడుకుంటున్నాం.

ఒక మధ్యాహ్నం ఆవిడ మందుల షాపుకి వెళ్తూ ఆయన దగ్గర నన్ను కూర్చోబెట్టింది. ఆయన కళ్లు మూసుకునే, "ఇవి రావు కదూ?" అన్నాడు.

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "రావండి," అన్నాను.

"నాకెప్పుడో తెలుసు. ఆవిడకి చెప్పకు. నీళ్లు పొయ్యడం ఒక్కటే మిగిలింది ఆవిడకి."

ఆ తర్వాత ఎన్నాళ్లో లేడు. ఆఖరి రోజుల్లో ఆవిడ ఆయన్ని పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి పక్క మార్చేది. గుటక కూడా పడలేదు. మా ఆయన రోజూ ఆఫీస్ నుంచి రాగానే వాళ్ల చెత్తడబ్బా బయట పెట్టొచ్చేవాడు. అంతకుమించి ఎవరం ఏమీ చేయలేకపోయాం.

అంత్యక్రియలయ్యాక ఆవిడ కప్పుల్లో మట్టి పెరట్లో పారబోస్తుంటే ఇక ఉండబట్టలేక, "అవి రావని ఆయనకి తెలుసండీ, మీకు చెప్పొద్దన్నారు," అన్నాను.

ఆవిడ ఖాళీ కప్పు పట్టుకుని నా వైపు తిరిగింది.

"మరి నువ్వు అప్పుడే అనలేదే? ఆయనా నేనూ కూర్చుని ఏడ్చేవాళ్లం కదా," అంది.

ఎండలు ముదరకముందే ఆవిడ ఇల్లు అమ్మేసి, ఒహాయోలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు నన్ను కావలించుకుంది గానీ ముఖంలోకి చూడలేదు.