మా గంజి మేస్త్రి ముక్కు

పోయిన మంగళవారం పొద్దున సత్రపట్టి నుంచి ఫోన్ వచ్చింది, మా సైజింగ్ మేస్త్రి పోయినాడని. నిద్రలోనే ప్రాణం పోయిందంట. శెడ్డులో అందరికీ చెప్పమని ఆయన కొడుకు నాతోనే అన్నాడు. పాపం, ఆ పిల్లోడికి నా సంగతి తెలీదు. నేను ఫోన్ చేసిన తొమ్మిది మందిలో ఒక్కడు గూడా నమ్మలే. "ఇది మూడో తూరి, వేరే కథ చూసుకో" అని ఒకడు పెట్టేసినాడు. తప్పు వాండ్లది కాదు. ఇంతకు ముందు రెండు తూర్లు శెడ్డుకు లీవు కావాలని మేస్త్రిని నేనే చంపినా. రెండో తూరి మాల పట్టుకొని పోయినవాండ్లకు ఆయనే తలుపు తీసినాడు. "రాండప్పా, కాఫీ తాగి పోండి. మాల ఇట్లియ్యండి, సామి పటానికి వేస్తా" అన్నాడు. ఈ తూరి నేను ఏడ్చినాక, ఆ ఏడుపు విని గానీ ఎవురూ బయలుదేరలే.

సైజింగ్ అంటే మీలో కొందరికి తెలీకపోవచ్చు. మా రాజపాళయం పక్కన ఆస్పత్రి కట్టుగుడ్డ నేసే మగ్గాలు శాన. మగ్గం మీద పడుగు నూలు తెగకుండా ముందే దానికి గంజి పట్టించాల. ఆ గంజి కాచే తొట్టి మా మేస్త్రి చేతిలో ఉండె. పొద్దున రాంగానే చెప్పులు విడిచి, తొట్టి మీదికి వంగి ముక్కు పెడతాడు. "నిన్నటిది అడుగున ఉంది, కడగండి" అంటాడు. "ఇంకా ఉడకాల" అంటాడు. నోట పెట్టి చూసింది లేదు. ఒక తూరి నేను గుట్టుగా రెండు చెంబుల పుల్ల మజ్జిగ కలిపినా. వంగినాడు, లేచినాడు, నన్ను చూసినాడు. "మీ ఇంటి మజ్జిగేనా? నీ పెండ్లానికి చెప్పు, తోడు ఎక్కువైంది" అన్నాడు. తొట్టి మొత్తం నాతోనే కడిగించినాడు.

ఆయన మాటలు రెండు నాకు మిగిలినాయి. "గంజి చెప్పని తప్పు నూలు చెప్తుందిరా" అనేవాడు. నా ఎకసెక్కాలు చూసి, "ఎగతాళి ఉప్పురా, దాంతోనే కడుపు నింపుకోవద్దు" అనేవాడు. నేను కడుపు నింపుకున్నా.

శనివారం కూలి చేతికి రాంగానే మేము వైన్‌షాపు దావ పడతాము. ఆయన గేటు కాడ నిలబడి, "పోండి, బిడ్డల కూడు గ్లాసులో పోసుకోని రాండి" అని తిడతాడు. పెండ్లిలో సీసా కనబడితే చెయ్యి కడుక్కోకుండా లేచిపోతాడు. జలుబు చేస్తే దగ్గు టానిక్కు గూడా ముట్టడు, శొంఠి కాఫీనే. మేము ఆయనకు సామియారు, అంటే సన్నాసి, అని పేరు పెట్టినాము. మాకన్నా ఉత్తముణ్ణని గొప్ప చూపిస్తాడు అనుకున్నాము. నేనే ఎక్కువ అనుకున్నా.

అట్లాంటి మనిషిని ఒక తూరి బీరు కాచే చోటికి నేను తీసుకపోయినా. ఇది రాయనా అని మొన్న ఆయన ఇంటామెను అడిగినా. "రాయప్పా. ఆయన ఎప్పుడు దాచినాడు? మీరు ఎవురన్నా అడిగితే గదా" అన్నది. అందుకే రాస్తావున్నా.

రెండేండ్ల కింద ఓనరు మా ఇద్దర్నీ ఒక గంజి పంపు చూసి రమ్మని బెంగుళూరుకు పంపినాడు. పని ముందు రోజే అయిపోయింది. తిరుగు బస్సు సాయంత్రం. అక్కడ తామే సొంతంగా బీరు కాచి అమ్మే చోట్లు ఉన్నాయి. టికెట్ తీస్తే తొట్లన్నీ తిప్పి చూపించి, కడాన నాలుగు రకాలు చిన్న గ్లాసుల్లో రుచికి ఇస్తారు. ఆ ఊర్లో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు చేత రెండు టికెట్లు తీయించినా. మేస్త్రితో ఏమన్నానంటే, "అన్నా, బార్లీ గంజి కాచే ఫ్యాక్టరీ. మన తొట్టికి నాలుగింతలు ఉంటుంది. కడాన నీళ్ళు గూడా ఇస్తారు." మా పక్క నీళ్ళేసుకునేది అంటే మందు తాగేదని గూడా అర్థం. అందులో అబద్ధం లేదని నాకు నేనే మెచ్చుకున్నా. సామియారు మీసానికి బీరు నురగ అంటిన వీడియో తీసి, రాత్రికి శెడ్డు గ్రూపులో పెట్టాలని నా ప్లాను.

తిప్పి చూపించే పాప ఆంధ్రా పిల్ల. మా మాట విని, "మీరు మాట్లాడేది తెలుగేనా అంకుల్?" అన్నది.

"తెలుగే తల్లీ. మా ముత్తాతలు మూట కట్టుకోని తెచ్చింది, విప్పకుండా పెట్టుకున్నాము. మీరే అక్కడుండి మార్చేసుకున్నారు" అన్నాడు మేస్త్రి. ఆ పిల్లకు నవ్వు ఆగలే.

మొదటి తొట్టి కాడికి పోంగానే ఆయన మొహం వెలిగిపోయింది. మొలకెత్తిన బార్లీ పిండి వేడినీళ్ళలో కలుస్తావుంది. "ఒరే, మన తొట్టేరా ఇది! మొక్కజొన్న బదులు బార్లీ, అంతే గదా!" ఎంత వేడిలో పెడతారు, ఎంత సేపు, అడుగంటితే ఏం చేస్తారు అని ఆ పిల్లను విడిచిపెట్టలే. "ఇవి ఎవరూ అడగరండీ" అని ఆమె సంబరపడిపోయింది. నేను వెనక నవ్వు ఆపుకుంటా ఫోన్ కెమెరా తుడుచుకుంటా ఉన్నా.

"ఇక్కడి వరకు ఇది తియ్యటి గంజి నీళ్ళే అంకుల్. పిల్లలకి కూడా ఇవ్వొచ్చు. దీన్ని కాచి, చల్లార్చి, అదిగో ఆ ట్యాంకుల్లో ఈస్ట్ వేస్తాం. అప్పుడు బీరవుతుంది."

"ఏమవుతుంది?"

"బీరండీ."

మేస్త్రి నా పక్క తిరిగినాడు. ఆయన కోపం నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. కాగే తొట్టి అంచున కాలు జారినవాడు చూసే చూపు. నాకు అప్పుడు గూడా బుద్ధి రాలే. జనంతో పాటు ఆయన్ను నెట్టుకుంటా పోయి రుచి చూసే బల్ల కాడ గోడ పక్కకు కూర్చోబెట్టినా, లేచి పోకుండా. పక్కనే నేను.

చెక్క పలక మీద నాలుగు గ్లాసులు ఆయన ముందర పెట్టినారు, నాలుగు నా ముందర. నేను రెండు గుటుక్కుమనిపించి ఫోన్ ఎత్తినా. తెరలో చూస్తే ఆయన చెయ్యి గ్లాసు మీద ఉంది. ఎత్తలే, విడవలే. నుదుటి మీద చెమట.

"ఫోన్ కింద పెట్టు" అన్నాడు మెల్లగా. "నా చెయ్యి పట్టుకో."

"ఏమన్నా, ఒక గ్లాసుకే..."

"నాకు ఒక గ్లాసు లేదురా. ఒకటీ లేదు, ముట్టుకుంటే తొట్టెడు. విడిచి పద్దెనిమిదేండ్లయింది. నా తాగుడుకు ఇంట్లో ఉప్పు గూడా నిలవకపోతే, ఆ ఊరు విడిచి, ఆ జతగాండ్లను విడిచి మన పక్కకు వచ్చినా. పట్టుకో చెయ్యి."

బల్ల కింద ఆయన చెయ్యి పట్టుకున్నా. మంచు గడ్డ మాదిరి ఉంది.

"లేచి పోదాము రాన్నా."

"ఆ దావలో కౌంటరు ఉంది. దాన్ని దాటతానని నాకే నమ్మకం లేదు. కొంచెం ఆగు."

నీళ్ళు పోసి ఇచ్చినా. తాగినాడు. చెయ్యి మళ్ళా పలక పక్కకే పోయింది. "నీళ్ళతో పోయేది కాదు. వాసన లోపలికి పోయింది, ఆ రుచే ఏదన్నా పడితే గానీ అణగదు" అన్నాడు. నాలుగు గ్లాసులూ దూరంగా తోసేసినా. కండ్లు వాటి వెంట పోయినాయి.

అప్పుడు ఆయనే ఆ పిల్లను పిలిచినాడు. "తల్లీ, ఈస్ట్ వెయ్యకముందు తియ్యగా ఉంటుందంటివే, అది ఒక గ్లాసు ఇస్తావా?"

"అయ్యో, ఇస్తానంకుల్!" పరిగెత్తి తెచ్చి ముందర పెట్టి, వేరే బల్లవాండ్లు పిలిస్తే వెళ్ళిపోయింది. అదే గ్లాసు. అదే రంగు.

మేస్త్రి ఎత్తలే. "ఆ పిల్ల తొందరలో ఏ కుళాయి తిప్పిందో. నువ్వు చూసి చెప్పు."

"నీ ముక్కు ఉంది గదన్నా."

"నా ముక్కు ఈ పొద్దు నా పక్క లేదురా. అది అడిగేది ఒకటే. నువ్వు చెప్పు."

నేను ఒక గుక్క తాగినా. తియ్యగానే తోచింది. కానీ అప్పుడే రెండు బీర్లు పోసిన నోరు నాది, దాన్ని ఎట్ల నమ్మేది? నీళ్ళతో పుక్కిలించి మళ్ళా చూసినా. ఇంకో తూరి పుక్కిలించినా. పక్క బల్లవాండ్లు పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తావున్నారు. ఆయన పద్దెనిమిదేండ్లు నా నాలుక చివర నిలబడి ఉన్నాయి, మజ్జిగ కలిపిన నాకొడుకు నాలుక చివర.

"అన్నా, ఇది ఉత్త గంజి" అన్నా.

"ఒట్టు?"

ఒట్లు నాకు చవక. మామూలుగా ఆయన తల మీదనే వేస్తా, అది ఆయనకూ తెలుసు. ఆ పొద్దు చెయ్యి లేవలే.

మేస్త్రి లేవని నా చెయ్యి పక్క చూసినాడు. "ఒట్టు పెట్టలేదంటే నిజమే" అన్నాడు. గ్లాసెత్తి, కండ్లు మూసుకోని, ఆపకుండా మొత్తం తాగినాడు.

నేను ఆయన గొంతునే చూస్తా ఉన్నా. గ్లాసు దించినాక గూడా కండ్లు తెరవలే. కడాన, "బార్లీ బాగా కడిగినారు" అన్నాడు.

లేచినాము. కౌంటరు పక్క నేను నడిచినా, గోడ పక్క ఆయన. తిట్టలే. తర్వాత గూడా ఎప్పుడూ ఆ మాట ఎత్తలే, శెడ్డులో ఒకరితో అనలే. నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

రోడ్డు మీద ఆటో కోసం నిలబడినాము. ఎండ నెత్తి మీద ఉంది. ఆ తియ్య గంజి మీసం కొసల్లో ఆరతా మెరుస్తావుంది. ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక తేనెటీగ ఆయన ఎడమ మీసం మీద వాలింది. నేను తోలబోతే వద్దని కంటితోనే అన్నాడు. మెల్లకన్ను పెట్టి దాన్నే చూసుకుంటా, ఊపిరి గూడా మెల్లగా విడుస్తా, అది తాగేంత సేపు కదలకుండా నిలబడినాడు. రెండు ఆటోలు వచ్చి పోయినాయి.