స్వరాజ్యమక్క చెప్పిన అట్టల సంగతి

బతుకుదెరువుకు ఊరు వదిలి వచ్చిన ఉధ్నాలో మా గల్లీ తెలుగువాళ్ళందరికీ ఒకే నర్సు, స్వరాజ్యమక్క. జగిత్యాల ఆడపడుచు. నాడి పట్టి చూస్తూనే నోటితో తిట్టడం ఆమె పద్ధతి. తిట్టకుండా వెళ్ళిపోయిందంటే రోగం ముదిరిందని మాకు గుండె దడ. నేనీరోజు సాంచె, అంటే మరమగ్గం, నడుపుతున్నానన్నా, తమ్ముడిలాంటి బుచ్చిరాములు నా పక్క సాంచె మీద నిలబడ్డాడన్నా ఆ నోటి చలవే.

రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్‌లో కరోనా నన్ను పడగొట్టింది. ఆక్సిజన్ పడిపోయి, ఆసుపత్రిలో స్టెరాయిడ్ ఇచ్చాక లేచాను. ఇంకా మింగాల్సిన అదే మందు గోలీల పట్టీతో గదికి వచ్చిన మర్నాడే బుచ్చిరాములుకు జ్వరం. మా గదిలో అద్దం ఒకటి, సబ్బు ఒకటి, ఒకడికి పనిచేసిన మందు అందరిదీ. "నన్ను లేపిన గోలీలురా, మింగు" అని రెండు రోజులు నేనే మింగించాను. పుణ్యం చేస్తున్నాననుకున్నాను, నా బుద్ధి తగలెయ్య!

మూడోరోజు నన్ను చూడ్డానికి వచ్చిన అక్క ఆ పట్టీ చూసి, బుచ్చిరాములు వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టింది.

"వీనికి ఆక్సిజన్ తొంబై ఏడున్నది. గీ గోలీ ఎవడిచ్చిండు?"

"నేనే అక్కా. నాకు మంచిగ పనిజేసింది గదా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పువ్వులు నేసే జాకార్డు సాంచె మీద చిల్లుల అట్టలుంటయి గదరా, ఏ దారం లేవాల్నో అవే చెప్తయి. మన ఒంట్ల ప్రతి కణంల గసొంటి అట్టలే ఉంటయి, డీఎన్ఏ అంటరు. గీ మందు కణంలకు సొచ్చి, ఆడ దానికోసమే ఉన్న జోడీని పట్టుకుంటది. రెండు గలిసి పోయి అట్టల మీద కూసుంటయి. అట్ట మారదు. కొన్ని దారాలను లేపుతయి, కొన్నిటిని లేవనియ్యవు. నీకు ఊపిరితిత్తులల్ల మంట హద్దు దాటింది, దాన్ని అణిచింది. వీనికి పురుగుతోని కొట్లాట ఇప్పుడే షురువైంది. కొట్లాడే దారాలనే పండవెట్టినవ్."

అట్టలు కుట్టే చేతులు నావి. లేవాల్సిన దారం లేవకపోతే బట్ట ఏమవుతుందో నాకొకరు చెప్పాలా?

అక్క వాడికి గోలీలు ఆపించింది. డ్యూటీకి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి మూడంతస్తులెక్కి వాడి వేలికి మీటరు పెట్టేది. జ్వరం వచ్చిన తొమ్మిదో రోజు ఆక్సిజన్ తొంభై కిందికి పడింది. ఆమె మమ్మల్ని తిట్టలేదు. ఎంతమందికి ఫోన్లు చేసిందో, దగ్గర్లోని కిమ్ ఊళ్ళో ఆసుపత్రి మంచం ఒకటి సంపాదించింది. నేను మింగించిన సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పింది. అక్కడ వాడికి అదే మందు ఇచ్చారు, ఇవ్వాల్సిన వేళకు, ఇవ్వాల్సినంత. పన్నెండు రోజులకు తన కాళ్ళమీద నడిచి వచ్చాడు.

కడుపులో దాచుకోలేక అక్క ఎదుటనే వాడికి చెప్పేశాను. "తమ్మీ, నీ పానం మీదికి తెచ్చింది నా గోలీలేనేమోరా."

వాడు నవ్వాడు. "నువ్వు బతికిన మందు నా నోట్లె వెట్టినవ్. మా అవ్వ ఉన్నా గదే చేస్తుండె అన్నా."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మంచిగనే ఉన్నది మీ ప్రేమ! ముందుగాల మాస్కులు ముక్కుమీదికి గుంజుర్రి, బేకారుగాళ్ళు!" అని కసిరింది.

ఆ తిట్టు చెవిన పడ్డాక మా ఇద్దరి ప్రాణం కుదుటపడింది.